రాణి ముఖానికి సున్నం

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో చలికాలం వచ్చిందన్న సంగతి ముందుగా నా బుగ్గలకే తెలిసేది. చెరువు మీది నుంచి వచ్చే పొద్దుటి గాలికి చర్మం తెల్లగా పొట్టు లేచేది, గోటితో గీస్తే గీత పడేది. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టి కూర్చునేది. దాన్ని ఎండలో పెట్టి కరిగించుకునే ఓపిక బడికి పరుగెత్తే పిల్లకు ఎక్కడిది? నవ్వితే పెదవి చిట్లేది. అయినా నేను నవ్వడం మానలేదు. నోరు మూసుకుని ఉండటం నాకు పుట్టుకతోనే రాలేదు.

ఆ గొంతు విన్నాకే మా టీచరమ్మ జనవరి ఇరవై ఆరు నాటకంలో నాకు రాణి వేషం ఇచ్చింది. ఇంట్లో వాళ్ళకే కాదు, బస్టాండు దగ్గర జామపళ్ళు అమ్మే అవ్వకు కూడా ఆ సంగతి చెప్పి వచ్చాను. తీరా ఒకరోజు సాధన మధ్యలో టీచరమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. “రాణి మొఖం గిట్ల బూడిద పూసినట్టు ఉంటదా? ఆ రోజుకు మంచిగ గాకుంటే వేరే పిల్లను పెడ్త” అంది. ఆ వేరే పిల్ల ముందు వరసలోనే కూర్చుంది. ఎర్రగా బుర్రగా ఉండేది, పైగా నా మాటలన్నీ అప్పటికే బట్టీ పట్టేసింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పట్లో మా వాడలో ముస్తాబంటే పౌడరే. పెళ్ళికి పోవాలన్నా, ఫోటో దిగాలన్నా, ముఖం కరకరలాడేలా సబ్బుతో తోమి పౌడర్ అద్దుకోవడమే. మర్నాడు నేనూ అదే చేశాను. కాకపోతే కొంచెం ఎక్కువ శ్రద్ధగా చేశాను. సబ్బు మీద సబ్బు పెట్టి, అమ్మ పౌడర్ డబ్బాలో సగం నా ముఖానికే ఖర్చుపెట్టాను. సాధనలో రాణి గట్టిగా నవ్వే చోటు వచ్చింది. నవ్వాను. బుగ్గల మీద పౌడర్ పెచ్చులుగా లేచి గౌను మీద రాలింది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. పిల్లలంతా పొట్టలు పట్టుకున్నారు. టీచరమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి పక్కింటి అక్క గోడకు సున్నం వేస్తోంది. వాళ్ళ అన్న పెళ్ళి దగ్గరపడిందని ఇల్లంతా ఆమే ముస్తాబు చేస్తోంది. పౌడర్ మీద కారిన నా కన్నీటి చారలు చూసి ముందు కడుపారా నవ్వింది. సంగతంతా విన్నాక కుంచె నా చేతిలో పెట్టింది. “ఏడుసుడు తర్వాత. జర ఈడ సున్నం వెయ్” అంది.

నేను ముక్కు ఎగబీలుస్తూ ఆమె చూపించిన చోట వేశాను. ఆమె నా పక్కనే గోడ మీద నీళ్ళు చిలకరించి, మట్టి ఆ తడిని పీల్చుకునేదాకా ఆగి, అప్పుడు వేసింది. రెండూ ఎండకు ఆరాక చెయ్యి పెట్టి రుద్దమంది. నా సున్నం అరచేతికి అంటుకొచ్చింది. ఆమె వేసింది గోడనే పట్టుకుని ఉంది.

“ఎండిన గోడకు సున్నం నిలుస్తదా? నీ మొఖం గూడ గంతే. ముందుగాల తడుపు” అంది. తర్వాత నా కళ్ళలోకి చూసి, “నీకు తెల్లగ కావాల్నా, మెరవాల్నా?” అని అడిగింది.

తెల్లగా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అక్క నాకంటే నలుపు. అంత చలిలోనూ ఆమె ముఖం నిగనిగలాడుతూ ఉండేది. ఆమెనే చూస్తూ “మెరవాలె” అన్నాను.

ఆ రోజు నుంచి సబ్బు బంద్. రోజూ నేను బడికి పోయే ముందు అక్క శనగపిండిలో మీగడ కలిపి మెల్లగా రుద్దేది, గోరువెచ్చని నీళ్ళతో కడిగేది. తడి ఆరకముందే కొబ్బరినూనె రెండు చుక్కలు అరచేతుల్లో వేడిచేసి నా బుగ్గలకు అద్దేది. ఆ చేతుల వెచ్చదనానికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. నాటకం నాడు కళ్ళకు కాటుక పెట్టింది. నూనెలో చిటికెడు కుంకుమ రంగరించి బుగ్గలకు, పెదవులకు వేలితో తాకించింది. పౌడర్ కూడా పెట్టింది, నా మనసు చిన్నబుచ్చకుండా ముక్కు మీద కాస్త.

వేదిక మీద రాణి నవ్వింది. ఏమీ రాలలేదు. ముందు కూర్చున్న మా అమ్మ పక్కామెను మోచేత్తో పొడిచి, “అగో, మా బిడ్డ” అనడం నాకు వినిపించింది. ఎంత మెరిసినా నేను అమ్మ గుర్తుపట్టే రంగులోనే ఉన్నాను. ఆ సంతోషానికి తర్వాతి మాట మరిచిపోతే, ఆ ముందు వరస పిల్లే తెర పక్క నుంచి అందించింది, పాపం.

ఇప్పుడు నా మనవరాలు శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతోంది. దాని అద్దం ముందున్న సీసాల పేర్లకు నాకు నోరు తిరగదు. మొన్న కాలేజీ ఫంక్షన్‌కు తయారవుతూ, “అమ్మమ్మా, ఎంత పెట్టినా మొఖం పెచ్చులు లేస్తుంది” అని మొత్తుకుంది. అంతా కడిగించి, తడి మీదే దాని క్రీమే దానితో రాయించి, కాసేపు ఆగమన్నాను. అక్క ప్రశ్నే అడిగాను. “రెండూ” అంది గడుసుది. దాని నెత్తి మీద ఒకటి వేశాను.

పోయిన నెల, మా పక్కింటి అక్క ఇప్పుడు ఉంటున్న మంచాల ఊరికి పోయి ఆమెను చూశాను. ఆమె బుగ్గలు ఎండి పొట్టు లేచాయి. చలికాలమంతా నా సంచిలో నూనె సీసా ఉంటుంది. రెండు చుక్కలు అరచేతుల్లో వేడిచేసి రాస్తుంటే, కళ్ళు మూసుకుని చిన్నపిల్లలా ముఖం ఎత్తి ఇచ్చింది. “తెల్లగ కావాల్నా అక్కా, మెరవాల్నా?” అన్నాను. ఒక కన్ను తెరిచి, “పౌడర్ డబ్బా తేలేదా? గింత ముక్కుకు పెట్టు” అంది. ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. తిరుగు బస్సు ఎక్కాక చూసుకుంటే నా చేతులకు ఇంకా నూనె ఉంది. దాన్ని నా బుగ్గలకు రాసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.