అట్ట మీది మంత్రిగారు

మలావీ రాజధాని లిలాంగ్వే బజారులో మందాసి బూరెలు వేయించే ఎనిఫా, ఏ నవల పట్టుకున్నా ముందు ఆఖరి పేజీ చదువుతుంది. ఎవరు చస్తారో తెలియకపోతే ధ్యాస నూనె మీద నిలవదట. ఇప్పటి నవలలో ఒక ఆడ ఇన్‌స్పెక్టరు సాక్షాత్తూ మంత్రినే వెంటాడుతోంది. ఆ పుస్తకానికి నూనె మరకలు అంటకుండా, మంత్రిగారి బొమ్మ అచ్చేసి పార్టీవాళ్లు ఆడవాళ్లకి ఊరికే పంచిన చిటెంజె చుట్టుగుడ్డలో మిగిలిన ముక్కతో అట్ట కుట్టింది. దాంతో పుస్తకం మీద అసలు మంత్రిగారి ముఖమే నవ్వుతూ కూర్చుంది. అదే ముఖం ఎనిఫా నడుముకీ చుట్టుకుని ఉంటుంది. ఆయన ఎక్కడ సభ పెట్టినా స్వాగతంగా ఆడేవాళ్లలో ముందు వరస ఆవిడది.

మొన్నటి సభకి ఆయన మూడు గంటలు ఆలస్యం. ఎండలో అందరూ సోలిపోతుంటే ఎనిఫా పేజీలు తిప్పుతోంది. "ఒసే లిస్నెట్, 'సంకెళ్లకి చేతులు చాపు, ఉపన్యాసం తర్వాత ఇద్దువుగాని' అందే ఇన్‌స్పెక్టరమ్మ మంత్రితో! ఆడదంటే అలా ఉండాలి."

"ముందు నువ్వు లేవవే తల్లీ, కారొచ్చింది!" అంది పక్కనున్న నేస్తం.

ఎనిఫా పుస్తకం చంకలో పెట్టుకుని, అందరికన్నా ఎక్కువగా నడుము తిప్పింది. మంత్రి అట్ట చూసి ఆగిపోయాడు.

"నా జీవితకథా అమ్మా? చివరికేమవుతుంది?"

ఎనిఫా మోకాళ్ల మీద వంగి, పెద్దల ముందు చేసే మర్యాదగా చేతులు తట్టింది.

"చివరికి మీరే గెలుస్తారు అయ్యగారూ," అంది, ఆఖరి పేజీలో మంత్రికి పడిన పద్నాలుగేళ్ల జైలుని చంకలో గట్టిగా నొక్కిపట్టి.