కిందపడ్డది మోతీది

కొక్కానికి వేలాడుతున్న నా తెల్ల అంగీని ఆ వాసన ఇంకా వదల్లేదు. కాలిన ఇనుము, కరిగిన వెన్న, అడుగంటిన అన్నం, వాటి వెనక ఎక్కడో కాస్త వెల్లుల్లి. ఉతకడానికి వేస్తానని కోడలు రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ నిద్రపోయినట్టు నటించాను. అది జపాను వాసన. నేను జపానుకు నాలుగుసార్లు వెళ్లివచ్చాను. చాయ్ హోటల్ దగ్గర నా ఈడువాళ్లకు అలాగే చెప్పాను, ఒకరిద్దరు నమ్మారు కూడా. మీ దగ్గర అబద్ధమెందుకు, శాలిబండలో షేర్ ఆటో ఎక్కి, నయాపూల్‌లో దిగి, కాస్త నడిచి మెట్రో పట్టుకుని, అద్దాల బిల్డింగులు మొదలయ్యే చోట దిగితే అక్కడొక జపాను హోటల్ ఉంది. నా విదేశయానం అంతవరకే. ఈ మోకాళ్లతో ఆ మెట్లెక్కి దిగేసరికి మాత్రం సముద్రం దాటినంత అలసట.

మొదటిసారి మనవరాలు కావ్య తీసుకుపోయింది, ఉద్యోగంలో పెద్ద కుర్చీ వచ్చిందని. ముందు చెక్కపలక మీద సుషీ అని తెచ్చిపెట్టారు. చల్లటి అన్నం ముద్దలు, వాటి మీద పచ్చి చేప ముక్కలు, కొన్నింటికి నల్లటి సముద్రపు నాచు చుట్టి ఉంది. పన్నెండు తిన్నానని బస్తీలో చెప్పుకున్నాను. తిన్నది ఒకటి, రెండోది రుమాల్లోకి పోయింది. తర్వాత మమ్మల్ని ఇంకో గదిలో ఒక పెద్ద ఇనుప పెనం చుట్టూ కూర్చోబెట్టారు. ఆ పెనమే బల్ల, దాన్ని హిబాచీ అంటారట. తలకు జపాను అక్షరాల గుడ్డ కట్టుకున్న వంటవాడు మా ఎదురుగా నిలబడి, రెండు చేతుల్లో గరిటెల్లాంటి రెండు ఇనుప రేకులు పట్టుకుని పెనం అంచు మీద ఠంగ్ ఠంగ్‌మని తాళం వేశాడు, ఉల్లిగడ్డ చక్రాలు గోపురంలా పేర్చి అందులోంచి మంట లేపాడు, చివరికి వేగిన గుడ్డు ముక్కను రేకు కొసకు ఎత్తి, "తాతా, నోరు తెర్వుండ్రి" అంటూ నా వైపు విసిరాడు. అది నా కళ్లద్దానికి తగిలి ఒళ్లో పడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను మాత్రం ఒళ్లోని ముక్కను ఏరి వాసన చూశాను. ఆ చప్పుడు, ఆ వాసన, ఆ విసరడం నాకు కొత్త కాదు.

మాది పాల ఇల్లు. శాలిబండలో మా ఇంటి వెనక కొట్టంలో నలభై బర్రెలు ఉండేవి. సరే, ఏడు, అందులో ఒకటి వట్టిపోయింది. తెల్లారకముందే నానబెట్టిన పత్తిగింజల వాసన, తౌడు వాసన, తడి గోనెసంచుల వాసన, మా నాన్న, బాపు అనేవాళ్లం, ఆయన బీడీ వాసన అన్నీ కలిసిన ఒక వెచ్చదనం మా దుప్పట్లలోకి వచ్చి మమ్మల్ని లేపేది. చలికాలం బర్రెల ముక్కుల్లోంచి పొగ లేస్తుంటే మేం వాటి పొట్టలకు చేతులు ఆనించి కాచుకునేవాళ్లం. దీపావళి వెళ్లిన రెండో రోజు, బర్రెల పండగ సదర్‌కు, వాటి కొమ్ములకు రంగులు పూసి, మెడలో గవ్వల పట్టీలు, నెత్తిన నెమలి ఈకలు కట్టి, ఒంటికి నూనె రాసి వీధిలో తిప్పుతుంటే, మా పెళ్లిళ్లలో కూడా మాకు అంత సింగారం జరగలేదు.

అమ్ముడుపోగా మిగిలిన పాలు సాయంత్రం కోవా అయ్యేవి. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద నేను కూర్చుంటే మునిగేంత ఇనుప కడాయి, దాని ముందు చెమటతో మెరిసే బాపు, చేతిలో పొడుగు పిడి ఖుర్పా. ఖుర్పా అంటే చివర పలకగా ఉండే ఇనుప గరిటె. అడుగు గీరుతూ తిప్పుతూ ఉండాలి, చెయ్యి ఆగిందా పాలు మాడిపోతాయి. మాడే ఆ ఘడియను బాపు కన్నా ముందు పట్టేది మా సత్తెక్క. నాకన్నా అయిదేళ్లు పెద్దది, సన్నగా, ఎండు చెరకుగడలా ఉండేది. ముక్కు ఒక్కసారి ఎగబీల్చి, "బాపూ, అడుగంటుతుంది, కట్టెలు గుంజు" అనేది. బాపు మారు మాట లేకుండా కట్టెలు వెనక్కి లాగేవాడు. ఇంట్లో బాపు వినేది ఒక్క అక్క మాటే.

కోవా దించాక కడాయి అడుగున ఎర్రగా, జిగురుగా అంటుకుపోయిన పొర మిగులుతుంది. మేం దాన్ని ఖుర్చన్ అనేవాళ్లం. దాని మీద ఇంత చక్కెర చల్లి, బాపు ఖుర్పాతో అంచు మీద మూడుసార్లు ఠంగ్‌మనిపిస్తే పిల్లలమంతా వరసకట్టేవాళ్లం. చేతులు వెనక్కి కట్టుకోవాలి, నోరు తెరవాలి. బాపు గీరిన ముక్కను ఖుర్పా కొసతో ఎగరేస్తాడు. నోట్లో పడ్డది మనది, కిందపడ్డది మోతీది. మోతీ మా కుక్క. నేను ఒక్క ముక్క కూడా వదిలేవాడిని కానని నా పిల్లలకూ వాళ్ల పిల్లలకూ చెప్పి పెంచాను. ఇప్పుడు దాచి ఏం లాభం, మోతీ అంత బలిసింది నా వల్లే. వదలనిది సత్తెక్క. ఎటు విసిరినా మెడ ఇంత తిప్పి అందుకునేది, బాపు నవ్వేది అప్పుడొక్కప్పుడే.

ఒక శ్రావణమాసంలో, దగ్గర్లో ఉండే షావుకారు ఇంట్లో వ్రతానికి నైవేద్యం కోసం కోవా అడిగారు. బాపు స్నానం చేసి, మడి పంచె కట్టి, కొత్త కట్టెలతో వండి, మోదుగాకుల్లో పొట్లాలు కట్టి బుట్టలో పెట్టాడు. వాటిలో ఒక పొట్లం ఒక ఫకీరు ఆకలికి ఇచ్చానని చాలా ఏళ్లు నా మనసుకే చెప్పుకున్నాను. ఫకీరు లేడు. నేనే విప్పి, ఇంత కొరికి, భయమేసి మళ్లీ ఆకు చుట్టి బుట్ట అడుగున పెట్టాను. దేవుడి పీట ముందు షావుకారు భార్య ఆ పొట్లం విప్పింది. ఎంగిలి. పంటి గాటుతో సహా.

పొట్లం పట్టుకుని తిరిగొచ్చిన బాపు ముఖం ఆ తర్వాత ఆయన పోయిన రోజు కూడా అంత నల్లగా లేదు. "ఎవలు?" అన్నాడు, అంతే. పొద్దంతా కడాయి దగ్గర ఉన్నది అక్క. నేను వేలు చూపించాను. "అక్క తిన్నది బాపూ." అక్క ఆ పొట్లం వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. బాపు కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "ఇగ కడాయి కాడికి రాకు" అన్నాడు. ఆ రోజు నుంచి ఖుర్పా మూడుసార్లు మోగినప్పుడల్లా అక్క వాకిలి వైపు తిరిగి చీపురు పట్టుకునేది. పెళ్లయి బహదూర్‌పురా పోయేదాకా అంతే. కోవా మళ్లీ ముట్టలేదు. ఎవరి పెళ్లిలో పెట్టినా "నాకు పడదు" అంటుంది. ఆమెకు పడనిది కోవా కాదని తెలిసినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను.

అందుకే జపానుకు రెండోసారి, మూడోసారి ఒంటరిగా పోయాను. ఇంట్లో మోకాళ్ల డాక్టరు దగ్గరికని చెప్పాను. తలగుడ్డ వంటవాడి పేరు సలీం, అతనిదీ బహదూర్‌పురాయే. రెండోసారి ముక్క చెవికి తగిలింది. మూడోసారి నోట్లో పడిందని బస్తీలో చెప్పాను కానీ, సలీం జాలిపడి పళ్లెంలో పెట్టాడు.

"చచా, గీ ఆట మీతోని కాదు గానీ, ఆరాంసే తినుండ్రి" అన్నాడు.

"నా కోసం కాదు భాయ్. మా అక్కను తీస్కొస్త. మొదటి ముక్క ఆమెకే ఎయ్యాలె."

"అమ్మకు ఎన్నేండ్లు?"

"ఎనభై."

"యా అల్లా" అని సలీం రెండు రేకులూ పెనం మీద పెట్టేశాడు.

బాపు మోగించిన చప్పుడు మళ్లీ వినిపించి, ముక్క ఆమె నోట్లో పడ్డాక నిజం చెప్పాలని నా పథకం. ఇంట్లో చెప్పవచ్చు కదా అంటారు. అరవై ఎనిమిదేళ్లు ఇంట్లోనే ప్రయత్నించాను.

నాలుగోసారి, ఒక మధ్యాహ్నం, బల్ల చుట్టూ మేమిద్దరమే. సుషీ చూసి అక్క, "ఏందిరా మల్లిగా, సద్దన్నం మీద చేప అతికిచ్చిన్రు? పొయ్యి లేదా వీళ్లకు?" అంది. పెనం వేడెక్కింది. సలీం అంచు మీద ఠంగ్ ఠంగ్ ఠంగ్‌మన్నాడు. అక్క భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. గుడ్డు ముక్క లేచింది. ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్క చేతికి తగిలి నేల మీద పడింది.

"వద్దు బిడ్డా. నాకు ఎగరేసుడు బందై చానేండ్లాయె."

నేను మూడు రోజులు కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటే బయటికొచ్చింది. "అక్కా, ఆ పొట్లం కొరికింది నేనే."

ఆమె చెయ్యి తుడుచుకుంది. "నాకు తెల్వదారా? అప్పుడు నీకు ముందటి పన్ను లేకుండె. గాటుల నడుమ సందు ఉండె. బాపుకు కోపంల కండ్లు కనవడలే. నాకు కనవడ్డది."

"మరి ఆ దినమే చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవని సూసిన."

"ఎన్ని దినాలు?"

"గియ్యాల్టి దాక."

సలీం తల వంచుకుని అన్నం కలుపుతున్నట్టు నటిస్తున్నాడు. అప్పుడు అక్క ముక్కు ఒకసారి ఎగబీల్చింది. "బిడ్డా, అడుగంటుతుంది, మంట తియ్యి." అతను వంగి చూశాడు. నిజమే, అన్నం అడుగున ఎర్రటి పొర కట్టింది. అక్క లేచి, కొంగు బిగించి, చెయ్యి చాపింది. "గా ఖుర్పా ఇటియ్యి." సలీం గల్లా వైపు ఒకసారి చూసి, ఒక రేకు ఇచ్చాడు. అక్క దాన్ని పెనానికి ఆనించింది. అడుగును ఒక్క గీతలో గీరి, ముక్కను కొసకు తెచ్చి, అంచు మీద మూడుసార్లు మోగించింది.

"చేతులు ఎనుకకు పెట్టురా. నోరు తెర్వు."

పెట్టాను, తెరిచాను. ఒక్క ముక్క వదలకుండా పట్టుకున్నాను అని రాద్దామనుకున్నాను. గడ్డానికి తగిలి, అంగీ మీద జారి, కింద పడింది. ఇద్దరం కిందికి చూశాం. నున్నటి తెల్లటి నేల మీద ఆ మాడు ముక్క అలాగే ఉంది. దానికోసం వచ్చేది ఏదీ లేదు.

అక్క నన్ను మాఫ్ చేసిందని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆమె ఆ మాట అనలేదు. తిరిగొచ్చేటప్పుడు నయాపూల్ మీద ఆటో ఇరుక్కుపోయింది, చుట్టూ హారన్ల లొల్లి. ఆమె మూసీ వైపు చూస్తూ, "బాపు తెల్వకనే పోయిండు గదరా" అంది. మొన్న కోవా తీసుకుని బహదూర్‌పురా పోయాను. "నాకు పడదు" అంది, కానీ చాయ్ పెట్టింది.

కొట్టం ఉన్నచోట ఇప్పుడు కిరాయికి ఉండేవాళ్ల బండ్లు పెడతారు. కడాయి అడుగు చిల్లిపడి ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది, ఖుర్పా ఏమైందో తెలియదు, సదర్‌కు మా వీధిలోంచి ఒక్క బర్రె కూడా బయల్దేరదు. బాపు ఫొటో ముందు నిలబడి రెండు మూడుసార్లు చెప్పి చూశాను. గోడకు చెప్పినట్టుంది.

కోడలు మూడోసారి అడుగుతోంది. అంగీ గుండీల పక్కన నూనె మరక, గోరంత.

"ఉండనియ్యమ్మా" అన్నాను, ఈసారి కళ్లు తెరిచే.