అంచు వైపు మనిషి

గద్వాల బస్టాండులో పొద్దున ఏడింటికి ఆత్మకూరు బస్సెక్కాను. మా చెల్లెలు పద్మ కూతురు శ్రావణి చెడిపోయిందో లేదో నాగర్‌కర్నూలు పోయి చూసి రావడం నా పని. ఇట్లాంటి పని మీద బయల్దేరే ఆడవాళ్లకు నా మొదటి సలహా, ఆధార్ కార్డు మరిచిపోవద్దు. అది చూపిస్తేనే ఆడవాళ్లకు పైసలు లేని జీరో టికెట్టు. రెండో సలహా ఇచ్చేంత తెలివి నాకు ఇప్పటికీ రాలేదు.

సంగతేమిటంటే, మాది చీరలు నేసే ఇల్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ పోగుపోగునా కలవాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. ఒకరు నేస్తుంటే ఇంకొకరు అంచు వైపు కూర్చుని, పోగు మోసే నాడె అందిస్తారు. ఆ ఇద్దరూ ఎప్పుడూ ఒక్క ఇంటివాళ్లే, మొగుడూ పెళ్లామో, తల్లీ బిడ్డో. మొదలుపెట్టిన చీరను ఆ జతే ముగించాలి. మధ్యలో చెయ్యి మారితే అతుకు దగ్గర తేడా తెలిసిపోతుంది.

పద్మ మగ్గం మీద సగం చీర ఆగి ఉంది. అంచు వైపు కూర్చునే శ్రావణి, డిగ్రీ అయిపోయాక, డ్రోనుతో పొలాలకు మందు కొట్టడం నేర్చుకుని వస్తానని నాగర్‌కర్నూలు పోయింది. నేర్చుకుని అక్కడే పనికి కుదిరి, రూము కూడా తీసుకుంది. ఈలోగా మా వీధి మనిషొకడు ఆ పిల్లను బిజినేపల్లి దగ్గర ఎవరో పిల్లగాడి బండి వెనక చూశాడట.

“నువ్వు చూసిరా అక్కా. చెడిపోయిందంటే గుంజుకొచ్చి మగ్గం మీద కూసవెడ్త, సంబంధం చూస్త. మంచిగుందంటే నోరు మూసుకుంట” అంది పద్మ. అంటే తీర్పు నాది.

జూరాల ఆనకట్ట దాటుతుంటే పక్క సీటు రైతుతో మాట కలిపాను. “ఇప్పటి పోరగాండ్లు చేన్ల కాలు వెడ్తలేరమ్మా. పొద్దంత ఫోన్లనే” అన్నాడాయన. ఆ మాట ముగియకముందే తన ఫోను ముందు సీటులోని కాలేజీ అమ్మాయికి అందించాడు. “బిడ్డా, మా మనుమని ఫొటో యాడికి వోయిందో జర చూడు.” ఆ పిల్ల చిటికెలో తీసిచ్చింది. ఆయన మురిసిపోయి, ఆత్మకూరు దాకా పిల్లలను తిడుతూనే ఉన్నాడు.

ఆత్మకూరులో బస్సు మారి పదింటికి వనపర్తి చేరాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్లే. అక్కడ బల్ల మీద కూర్చున్న ఒకావిడకు నా పరేషాన్ చెప్పుకున్నాను. “ఆలోచన ఎందుకు? గుంజుకొచ్చి పెండ్లి చెయ్యి. మా బిడ్డకు నేను గట్లనే చేసిన” అంది. మంచిదే కదా అనుకుంటుండగా, “ఇప్పుడు నాతోని మాట్లాడతలేదు” అని చాయ్ తాగింది. నాకు ఇడ్లీ సగం మిగిలిపోయింది.

బిజినేపల్లిలో దిగమని శ్రావణి ఫోనులో చెప్పింది. బస్టాండుకు నన్ను తీసుకుపోవడానికి వచ్చింది ఆ పిల్లగాడే, పేరు నరేష్. “కూసోండమ్మా, పొలం దూరం” అన్నాడు. గత్యంతరం లేక అదే బండి వెనక నేనూ కూర్చున్నాను. మా వీధి మనిషి చూస్తే నా గురించి ఏం చెప్పేవాడో!

పొలంలో శ్రావణి రిమోటు పట్టుకుని ఉంది. నరేష్ అవతలి గట్టు మీదికి పోయి నిలబడ్డాడు. డ్రోను వరి మీద మందు చల్లుతూ పోతుంటే “గట్టూ!” అని అరిచాడు. ఆ పిల్ల ఠక్కున మళ్లించింది. డ్రోను మళ్లీ పోయింది, అతను మళ్లీ అరిచాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, తాళం తప్పలేదు. మా ఆయన పోయేదాకా మేమిద్దరం మగ్గం మీద సరిగ్గా అట్లానే పనిచేశాం. విషయం అర్థమైపోయిందనుకున్నాను.

అతను దగ్గరికి రాగానే, “మీవోళ్లెవరు బిడ్డా? పెండ్లి ఎప్పుడనుకుంటున్నరు?” అని అడిగేశాను.

నరేష్ బిక్కమొహం వేశాడు. శ్రావణి డ్రోను దించి, “ఏం పెండ్లి పెద్దమ్మా?” అంది.

“గంత కుదురుగ కలిసి పనిచేస్తున్నరు గదనే. నేను, మీ పెదనాయిన గట్లనే...”

“కలిసి పనిచేస్తే పెండ్లేనా? ఆయన గట్టు చూస్తడు, నేను రిమోటు చూస్త. గంతే.”

ప్రేమ అని ఉంటే పెద్దలతో మాట్లాడేదాన్ని. తిరుగుళ్లని ఉంటే రెండు తగిలించి తీసుకుపోయేదాన్ని. ఈ ‘గంతే’ను ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

సాయంత్రం ఐదింటికి నాగర్‌కర్నూలులో రూముకు పోయాం. శ్రావణి అక్కడ ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఉంటోంది. కోడిగుడ్డు కూర చేసి పెట్టింది, ఉప్పు ఎక్కువైంది. తింటుంటే మెల్లగా అడిగింది. “అమ్మకేం చెప్తవ్?”

“నాకేం సమజైతలేదు బిడ్డా.”

“కాకుంటే కాలేదని చెప్పు. నువ్వు చూడంది మాత్రం చెప్పకు. ఇప్పుడు గుంజుకపోతే మల్ల నన్ను రానియ్యరు పెద్దమ్మా.” కంచంలోంచి తల ఎత్తలేదు. కళ్లు నిండి ఉన్నాయని గొంతులోనే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే వనపర్తి బస్సు దొరికింది. ఈ దారిలో ఎంతమందిని అడిగానో, అన్ని రకాల పిల్లల గురించి విన్నాను. వాళ్లలో మా శ్రావణి ఒక్కతే లేదు. కళ్లారా చూసిన పిల్లకు నేనే పేరు పెట్టలేకపోయాను.

బిజినేపల్లి దాటుతుంటే పద్మ ఫోన్ చేసింది. “ఏమాయె అక్కా? చెడిందా, మంచిగుందా?”

“తెల్వదే.”

“తెల్వదా? మరేం చూసొస్తున్నవ్?”

“పని మంచిగ చేస్తుంది. ఆ పిల్లగానితోని పెండ్లి లేదంట. గంతకన్న నాకు తెల్వదు. నేనైతే తీస్కొస్తలేను.”

“మరి సగం చీర?” అంది పద్మ.

మా ఆయన పోయినప్పటి నుంచి నేను మగ్గం ఎక్కలేదు. “అంచు దిక్కు నేను కూసుంట” అన్నాను.

“నీ చెయ్యి వేరక్కా. అతుకు కాడ తెలుస్తది.”

“తెలిస్తే తెలవనీ.”