ఎదిగే పిల్లకు పెద్ద కుర్చీ

ఇది చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. మొహమాటపడకండి, నేను రోజూ తిట్టుకుంటూనే ఉన్నాను. ఇరవై నాలుగేళ్ల వయసులో, ఒంటి మీద ఇస్త్రీ చొక్కాతో, లోకంలో నాకు తెలియని కొలత లేదన్న పొగరుతో, నేను మా అన్నయ్య కూతురికి చక్రాల కుర్చీ కొనడానికి బయల్దేరాను. ఆ కుర్రవెధవ ఇప్పుడు నా ఎదురుగా వస్తే రెండు చెంపలూ వాయించి గాని మాట కలపను.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటిన రోజులవి. మాది రాయగడలో బట్టల కొట్టు. విజయనగరం వైపు నుంచి మా తాత వచ్చి పెట్టాడు. కొట్టన్న పేరే గాని దాన్లో ఎవరూ కుదురుగా కూర్చునేవాళ్లు కాదు. వారానికి నాలుగు సంతలు. తెల్లారేసరికి అన్నయ్య తానులు బండికెక్కించేవాడు, వదిన సంతలో నీడకు కట్టే పరదాలు సర్దేది, అమ్మ అన్నం మూటలు కట్టేది. ఆ ఇంట్లో నిలబడలేని మనిషి పార్వతి ఒక్కతే. నాలుగో ఏట జ్వరం వచ్చి దాని రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. తొమ్మిదేళ్లు వచ్చేదాకా మా అందరి చంకలూ ఎక్కి తిరిగింది. మేం ఎక్కడికి వెళితే అక్కడికే దాని ప్రయాణం. తనకు ఎక్కడికి వెళ్లాలనుందో అడిగిన పాపాన మేమెవరం పోలేదు.

విశాఖపట్నంలో చేత్తో తిప్పుకొనే చక్రాల కుర్చీలు దొరుకుతాయని ఆస్పత్రి డాక్టరుగారు చెప్పిన రోజే అది ఒక దారం తీసుకుని, తనను తానే కొలుచుకుని, మూడు ముళ్లు వేసి నాకిచ్చింది.

"ఇదిగో సిన్నాన్నా, మొదటి ముడి నా నడుం. రెండోది తొడ. మూడోది బుజం కాడ్నుంచి అరసెయ్యి దాకా. సెయ్యి సక్రానికి అందాల. నన్ను నానే తోసుకోవాల."

"బట్టల కొట్టోడికి దారం ఇస్తావేటే అమ్మీ? మనిసిని సూస్తే కొలత సెప్పెస్తాను నాను."

"అయితే నన్ను కూడా తీసుకెల్లు."

"రైల్లో నిన్నెవరు ఎత్తుకుంటారు? నాను తెస్తాను కదా."

దారం జేబులో వేసుకున్నాను. రైలెక్కేలోపే దాని సంగతి మరిచిపోయాను.

విశాఖపట్నం దుకాణంలో రెండు కుర్చీలు చూపించారు. ఒకటి చిన్నది, ఇనప గొట్టాలది, ఏ అలంకారమూ లేనిది. రెండోది చూడండీ, పేము అల్లిన ఎత్తైన వీపు, వెడల్పాటి చేతులు, జమీందారు కూర్చోదగ్గ దర్జా. నేను వెంటనే దాన్లో కూర్చున్నాను. ప్రాణం హాయిగా ఉంది. కూర్చోవలసింది నేను కాదని ఆ క్షణాన బుర్రకు తట్టలేదు చూశారా, అందుకే నా మీద నాకు మంట.

"పిల్లను తీసుకురాలేదా అండీ?" అన్నాడు దుకాణదారు.

"ఎందుకండీ? తొమ్మిదేళ్ల పిల్ల. ఎదిగే పిల్ల. పెద్దదే ఇవ్వండి."

ఇదీ నా విద్య. మా కొట్లో పిల్లల లంగా కొలత అడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఇదొక్కటే. నాలుగంగుళాలు ఎక్కువ తీసుకోండి, ఎదుగుతుంది. లంగా అయితే మడిచి కుట్టుకోవచ్చు. కుర్చీని ఎక్కడ మడుస్తావురా గాడిదా అని ఆ దుకాణదారు అడగలేదు, మర్యాదస్తుడు.

"చేతులు చక్రాలకు అందాలి కదండీ," అన్నాడు.

"అందుతాయండీ."

"ఎప్పటికి?"

"ఎదిగాక."

కుర్చీ రాయగడలో దిగేసరికి వీధంతా మా గుమ్మం ముందుంది. "సిన్నాన్నంటే ఈడేరా" అని నన్ను తెగ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. అన్నయ్య పార్వతిని ఎత్తి దాన్లో కూర్చోబెట్టాడు. పిల్ల ఆ పక్కా ఈ పక్కా చూసింది. కుర్చీ చేతుల మీదుగా వంగి చక్రం అందుకోబోయింది. వేళ్ల కొసలు కూడా తగల్లేదు.

"సిన్నాన్నా, అందనేదు."

"ఎదుగుతావు."

"ఎన్నాల్లకి?"

"మూడేళ్లో, నాలుగేళ్లో."

"అందాకా?"

"నాను తోస్తాను కదే."

"అంటే మల్లీ నువ్వెల్లిన కాడికే నాను రావాల."

వదిన నా వంక చూసింది. "బాబూ, పిల్ల దారం ఇచ్చింది కదా, తీసి సూసేవా?"

జేబులో చెయ్యి పెట్టాను. చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. తప్పయిందమ్మా అని అప్పుడే అనుంటే సరిపోయేది. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం మోసుకొస్తే దీనికి విశ్వాసం లేదా అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల మీద అలిగాను, సిగ్గులేనివాణ్ని.

మర్నాడు మా ఊరి సంత. నా తెలివి అక్కడితో ఆగితే కదా. కుర్చీ వదులైతే నింపితే పోలా? పిల్ల కింద మూడు తానులు, అటు రెండు, ఇటు రెండు, వీపు వెనక ఒకటి పెట్టి బిగించాను. చేతులు పక్కనున్న గుడ్డల మీద ఆనాయే గాని చక్రాలకు మాత్రం చేరలేదు. అలాగే తోసుకెళ్లి మా పరదా ముందు నిలబెట్టాను.

కొండ మీంచి దిగిన ఒకావిడ వచ్చింది. పరిచిన సరుకంతా వదిలేసి తిన్నగా కుర్చీ దగ్గరకెళ్లి, పార్వతి మోచేతి కింది ఎర్ర తాను పట్టి చూసి, "కేతే?" అంది, ఎంత అని.

"అది అమ్మేది కాదు," అంటూ నేను పరిగెత్తేలోపే పార్వతి ఆవిడ భాషలోనే ధర చెప్పి, తాను లాగి చేతిలో పెట్టేసింది. అది చూసి ఇంకో ఇద్దరొచ్చారు. కుర్చీలో ఉన్నదే మంచి సరుకని ఎవరో అన్నట్టున్నారు, జనం మూగారు. పక్కవి పోయాయి. వీపు వెనకది పోయింది.

"ఆపవే, కిందవి ఉంచు."

"ఎందుకు? గిరాకీ ఉంది కదా."

కింది తానులు ఒక్కొక్కటీ లాగుతుంటే పిల్ల ఒక్కో మెట్టూ దిగిపోయింది. చివరకు పేము వీపు ముందు దాని తల మాత్రం మిగిలింది. సంతంతా విరగబడి నవ్వుతోంది. నేనూ నవ్వబోయి దాని మొహం చూశాను. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. ఆ పిల్ల కోపంతో వణికిపోతోంది.

"కుర్సీలో సరుకంతా అయిపోనాది సిన్నాన్నా. నన్నొక్కదాన్నే అమ్మనేదు. రేపు నన్ను ఇసాపట్నం తీసుకెల్లు."

తల కొట్టేసినట్టయింది.

పిల్లను వీపున వేసుకుని, పెద్ద కుర్చీని లగేజీలో వేసి తీసుకెళ్లాను. దుకాణదారు నాతో ఒక్కమాట మాట్లాడలేదు. నన్ను పక్కన నిలబడమని, పిల్లనే అడిగాడు. అది చిన్న కుర్చీ ఎక్కింది, రెండు చక్రాలూ పట్టుకుంది, గిర్రున తిరిగింది.

"రెండేళ్లకే ఇరుకైపోద్దే అమ్మీ," అన్నాను, నోరు ఊరుకోక.

"రెండేళ్లు తిరుగుతాను కదా," అంది.

పెద్దది ఇచ్చేసి చిన్నది తెచ్చుకుని, రాయగడ ప్లాట్‌ఫారం మీద పిల్లను అందులో దించాను. ఎదురుగా నిలబడ్డాను.

"సిన్నాన్నా, తప్పుకో."

"ఉండవే, నాను పట్టుకుంటాను."

"తప్పుకో."

"కొత్త కదే, పడిపోతావు..."

"తప్పుకోమన్నాను."

చక్రం నా కాలి మీంచి పోయింది. నేను అక్కడే కూలబడి, "ఎక్కడికే?" అని అరిచాను.

"ఎక్కడికో నాకూ తెలీదు," అంది వెనక్కి తిరక్కుండా. "ముందు ఎల్లనీ."

కాబట్టి, చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కుర్చీనీ నేను కూర్చుని ఎవరికీ కొనను. ఆ పిల్ల ఏం చెప్పినా మొదటిసారికే వింటాను. మూడోసారి దాకా ఆగితే ఏమవుతుందో నా కుడికాలి బొటనవేలు చెబుతుంది, దానికి గోరు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.