కాసేపు బయట కూచోండి

పెద్దముడియం చుట్టుపక్కల పల్లెల్లో నర్సు షాహీదాబీ గురించి ఒక మాట తిరుగుతోంది. రోగి వెంట వచ్చినవాళ్ళను బయటికి తరిమి, లోపల ఇంటి గుట్టంతా లాగుతుందట. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సెక్కగానే ఫోను చెవికి పెట్టుకుని ఆ ముచ్చట్లన్నీ అక్కకు చెప్పి నవ్వుతుందట.

ఆ మాట షాహీదాబీ చెవిన కూడా పడింది. ఆమె వాదానికి పోలేదు. జలుబు, గజ్జి, కడుపునొప్పి, ఎండదెబ్బ, ఏది వచ్చినా పెద్దముడియం సర్కారు ఆసుపత్రిలో ముందు ఆమె బల్ల దగ్గరికే వస్తుంది. ఆ పల్లెల్లో రోగి నోరు విప్పడు. కోడలి నొప్పి అత్త చెబుతుంది, అవ్వ నొప్పి కొడుకు చెబుతాడు. అందుకే పని నేర్చుకోవడానికి వచ్చే నర్సింగు పిల్లలకు ఆమె మొదట నేర్పేది ఒకటే: నొప్పి ఎవరిదో మాట కూడా వాళ్ళదే కావాలి.

ఒకరోజు పొద్దున సురేంద్ర తన తల్లి పెద్దసుబ్బమ్మను బండి మీద తెచ్చాడు. గొర్లు మేపే కుటుంబం. కొత్తగా వచ్చిన నర్సింగు పిల్ల శ్వేత చీటీ, పెన్ను తీసుకుంది.

"ఏమైందవ్వా?"

"గ్యాసు," అన్నాడు సురేంద్ర. "కడుపునొప్పి, వాంతులు. సోడా తాపినా తగ్గల్యా. సూది ఏసి పంపు పాపా, గొర్లు తోలుకుపోవల్ల."

"ఎప్పటినుంచి అవ్వా?"

"నేను చెప్తాండాగదా, నిన్నటినుంచి అని!"

శ్వేత గ్యాస్ అని రాయబోయింది.

"ఆగు," అంది షాహీదాబీ. "అవ్వ బెంచీ మీద ఎట్ల కూచుందో చూసినావా?"

"లేదు మేడం."

"చేత్తో తడుముకుని కూచుంది." సురేంద్ర వైపు తిరిగింది. "కాసేపు బయట కూచోప్పా."

"నేనేమన్నా పరాయోన్నా?" అంటూ అతను విసురుగా వరండాలోకి నడిచాడు. "ఇంగేముంది, మాపటికి మా ఇంటి కత ప్రొద్దుటూర్లో సినిమా ఆడతాది!" బయట కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు.

లోపల పెద్దసుబ్బమ్మ పెదాలు బిగించింది. "ఏం లేదు పాపా. గ్యాసే."

"కండ్లు బాగ అగపడతాండాయా అవ్వా?"

అవ్వ వరండా వైపు చెవి పెట్టి వింది. "నీకు చెప్తే మీ యక్కకు చెప్తావు. ఆయమ్మ ఊరికంతా చెప్తాది. మా కోడలు నా మొగాన ఊస్తాది."

షాహీదాబీ నాడి చూస్తున్న చెయ్యి వదిలింది. ఆ పుకారును ఆమె ఇన్నాళ్ళూ ఎందుకు కొట్టిపారేయలేదో ఆమెకు మాత్రమే తెలుసు. అందులో అక్క ఇంకా బతికే ఉంది. సాయంత్రాలు ఫోనెత్తుతోంది, నవ్వుతోంది. నిజం చెబితే ఈ పల్లెల్లో కూడా అక్క చచ్చిపోతుంది. కానీ అవ్వ కండ్లు తన ముఖం పక్కన ఎక్కడో గోడను చూస్తున్నాయి.

"మా యక్క ఖాజాబీ లేదవ్వా. పోయి మూడేండ్లాయ. ఇంట్లో నేనొక్కదాన్నే. చెప్పుకునేదానికి ఎవరూ లేరు."

శ్వేత తలెత్తి చూసింది. అవ్వ చెయ్యి గాలిలో వెతుక్కుని షాహీదాబీ మణికట్టు పట్టుకుంది.

"ఆ మాట ముందే చెప్పొద్దా, పిచ్చిదానా." గొంతు తగ్గించింది. "గొర్లకు కడుపులో పురుగులు పోయేదానికి మందు తాపినాం గదా. నా కడుపులో కూడా పురుగులు తిరుగుతాండాయనిపిచ్చి నేనూ తాగితి."

"ఎంత?"

"రెండు గొర్లకు తాపేంత. శానా చేదు. అవెట్ల తాగుతాయో, పాపం!"

శ్వేతకు నవ్వు వచ్చి, అవ్వ తర్వాతి మాటకు ఆగిపోయింది.

"నిన్న మాపటినుంచి అంతా మబ్బే. నీ మొగం అగపడ్ల్యా పాపా. గొంతును బట్టి మాట్లాడతాండా."

"ఆ మందే కండ్లకు ఎక్కినట్లుండాది. నీ కొడుక్కు, డాక్టరుకు చెప్పాల అవ్వా. ఇంకెవరికీ చెప్పను."

అవ్వ తలూపింది. షాహీదాబీ డాక్టరుకు చెప్పి, ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయేందుకు అంబులెన్సు పిలిపించింది. సురేంద్రను లోపలికి పిలిచి సంగతి చెప్పి, ఇంట్లో ఉన్న మందు సీసా తీసుకుపోయి పెద్దాసుపత్రి డాక్టరు చేతికి ఇవ్వమంది. అతను వెంటనే బండి తీశాడు. ఆమె చీటీ శ్వేత ముందుకు జరిపింది. అవ్వ చెప్పినదంతా అవ్వ మాటల్లోనే శ్వేత రాసింది.

ఆ వారమంతా సాయంత్రం బస్సులో షాహీదాబీ ఫోను చెవికి పెట్టుకుంది. వెనక సీట్లో ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. "మొదలుపెట్టె చూడు."

"కండ్లు తేటపడతాండాయి మేడమ్మా," అన్నాడు ఒకరోజు ఫోనులో సురేంద్ర. "పొద్దున నన్ను గుర్తుపట్టి, గడ్డం గీసుకోలేదని తిట్టె."

ఆమె నవ్వింది. వెనక వాళ్ళు ఆ నవ్వు కూడా చూశారు.

ప్రొద్దుటూరులో దిగి, కూరగాయలు తీసుకుని, ఇంటి తాళం తీసింది. అవ్వకు చూపు వస్తోందని అక్కకు చెప్పబోయిన మాట నోటి దాకా వచ్చి, లైటు వేశాక అక్కడే ఉండిపోయింది.

బస్సులో ఆమె ఫోను చేసేది ఆసుపత్రికి పంపినవాళ్ళకు. ఇంట్లో ఫోను ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు.