చేప ముద్దలో పంచదార

కరోనా మాస్కులు తీసేసిన కొత్తలో నేను దుబాయ్ పక్కన అజ్మాన్‌లో చేప ముద్ద తయారుచేసే ఫ్యాక్టరీలో కలిపే మిషన్ దగ్గర ఉండేదాన్ని. ముళ్ళు తీసి, కడిగి, రుబ్బిన చేపలో పంచదార కలిపి, దిమ్మలు కట్టి ఫ్రీజర్లో పెట్టాలి. హోటళ్ళవాళ్ళు వాటితో ఉండలు చేసుకుంటారు. ఆ పంచదార తీపి కోసం కాదండీ. గడ్డకట్టేటప్పుడు చేపలో ప్రొటీన్ నీళ్ళు వదిలేసి ముడుచుకుపోతుంది, పంచదార ఉంటే ముడుచుకోదు. అప్పటికి మూడేళ్ళుగా నా చేతులతో కలిపి చూశాను.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరుది కరీంనగర్ వైపు. పంచదార బస్తా చూసి పకపకా నవ్వాడు. "మీ గోదారోళ్ళు చేపల పులుసుల గూడ బెల్లం ఏస్తరంట గదా అక్కా! గా అలవాటు ఈడ గూడనా? బంద్ చెయ్యి."

"రుచికి కాదు తమ్ముడూ, చేప చెడిపోకుండా" అన్నాను. వింటేనా! చెప్పింది చెయ్యమన్నాడు. ఆపేశాను.

రెండు నెలలకి హోటళ్ళనుంచి సరుకు తిరిగొచ్చింది. కరిగిస్తే నీళ్ళు కారుతున్నాయట, ఉండలు చారులో విచ్చిపోతున్నాయట. కలపడంలో తప్పు నాదేనని కాగితం రాసి నా ముందు పెట్టాడు మహానుభావుడు. ఆడలేక మద్దెల ఓడు! సంతకం పెడితే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. ఒళ్ళు మండిపోయింది.

"చస్తే పెట్టను" అన్నాను. గొడవ విని పెద్ద ముదీర్, అంటే ఫ్యాక్టరీ మేనేజరు, వచ్చాడు. నాకొచ్చిన హిందీలోనే చెప్పాను, పంచదార ఆపించింది ఇతనేనని, ఆపకముందుది ఒక దిమ్మ, ఆపాక కట్టింది ఒకటి తెప్పించమని. రెండూ కరిగించి, ఉడకబెట్టి, పల్చగా కోశాను.

"మడవండి సార్" అన్నాను. పంచదార ఉన్న ముక్క నాలుగు మడతలు పడినా చీలలేదు. రెండోది మొదటి మడతకే ఆయన చేతిలో విరిగింది.

ముదీర్ కాగితం చింపేసి, "ఖలాస్, పనికెళ్ళు" అన్నాడు.

నేను కదల్లేదు. "మీకు ఖలాస్ సార్, నాకు కాదు. తప్పు నాది కాదని రాయించండి. అప్పటిదాకా మిషన్ ముట్టుకోను."

మన తెలుగువాళ్ళతో సహా అందరూ నిలబడి చూస్తున్నారు. భయం వేసింది, అబద్ధమెందుకు. అయినా కదల్లేదు. సూపర్‌వైజరుచేతే ఇంగ్లీషులో రాయించి సంతకం పెట్టించాడు ముదీర్.

కాగితం సూపర్‌వైజరుకే తిరిగిచ్చాను.

"ఇప్పుడు తెలుగులో చదువు తమ్ముడూ. గట్టిగా."