గుక్కెడు వైనూ, అత్తయ్య పుట్టింటివాళ్లూ

మా మావయ్య నోట్లోకి గుక్కెడు వైను వెళ్లిందంటే చాలు, అదే నోట్లోంచి మా అత్తయ్య పుట్టింటివాళ్లు వరసగా బయటికొస్తారు. వైను గురించి మాట్లాడేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. పళ్ల వాసన అంటారు, చెక్క పీపా వాసన అంటారు, అర్థమైనట్టు తలలూపుకుంటారు. మావయ్యకి అవేవీ పట్టవు. ఆయనకి ప్రతి సీసాలోనూ ఒక బావమరిదో, మరదలో, పినమామగారో కూర్చుని ఉంటారు. వాళ్లని లేపి, దులిపి, వీధి చివరిదాకా వినపడేలా కడిగేస్తే గానీ రెండో గుక్క ముట్టడు.

వీధిలో ఆయన పేరు రేడియో. కట్టెయ్యడానికి మీట లేని రేడియో అని పైఅంతస్తులో ఉండే దర్జీ వివరణ. మావయ్య గొంతు ఎత్తినప్పుడల్లా దర్జీ పైనుంచి కత్తెర పెట్టి నేల మీద టకటకా కొడతాడు. ఆ చప్పుడికి కింద మా వైను షాపులో పైఅరల సీసాలు గలగలమంటాయి. మావయ్య దాన్ని చప్పట్లు అనుకుని ఇంకో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతాడు.

చదువు అయిపోయి ఇంట్లో సోఫా అరగదీస్తున్న నన్ను, "మావయ్య వైను షాపులో నాలుగు గ్లాసులైనా కడుగు" అని అమ్మ పంపించింది. గ్లాసులు కడగడం అంటే తేలికనుకున్నాను. సబ్బు తగలకూడదట, వాసన ఉండిపోతుందట. మరుగునీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డతో తుడిచి, తలకిందులుగా వేలాడదీయాలి. అంత చేసి ఇస్తే ఆ గ్లాసులో మావయ్య పోసేది అత్తయ్య అన్నదమ్ముల పరువు.

వైను సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. తోట అదే, తీగ అదే, కోసే చెయ్యి కూడా అదే అయినా, ఏడాది మారితే వైను మారిపోతుంది. కోతల ముందు వాన కురిస్తే పల్చబడుతుంది. ఎండ మండితే చిక్కబడుతుంది. చిగురు వేసేవేళ మంచు పడితే పండే మిగలదు. గ్లాసు చేతికిస్తే ఊరూ ఏడాదీ చెప్పగలిగేవాళ్లని ముక్కున్నవాళ్లు అంటారు. మా చుట్టుపక్కల అంతటికీ అలాంటి ముక్కు ఒక్కటే. అది మా అత్తయ్యది. ఆవిడ మంచిదంటే హోటళ్లవాళ్లు కొంటారు, వద్దంటే ఆ సీసా మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది.

వారానికోసారి సరుకు అమ్మేవాళ్లు శాంపిళ్లు తెస్తారు. వెనక గదిలో రేకు బల్ల చుట్టూ కూర్చుంటాం. ముందు మావయ్య గ్లాసు లాక్కుంటాడు. వాసన చూస్తాడు, పుక్కిలిస్తాడు, బకెట్లో ఉమ్ముతాడు, మొదలుపెడతాడు.

"మీ పెద్దన్నయ్యే. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. ఇంకో పదేళ్లకి గానీ నవ్వడు. పైగా వానలో తడిసొచ్చాడు, చొక్కా నించి నీళ్లు కారుతున్నాయి."

అత్తయ్య గ్లాసు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, నెమ్మదిగా చెప్తుంది. "ఫ్రాన్స్. బోర్డో. కోతలప్పుడు వానలు పడ్డ ఏడాది. అందుకే పల్చగా ఉంది. వద్దండీ."

అమ్మకందారు సీసా తిప్పి చీటీ చూసుకుని నోరెళ్లబెడతాడు. మావయ్యకి ఇదేం పట్టదు. ఆయన అప్పటికే ఇంకో చుట్టం మీద పడి ఉంటాడు.

అదే ఫ్రాన్స్‌లోని బర్గండీ అయితే అత్తయ్య చెల్లెలు. "పొద్దున లేవగానే ఎవరో ఏదో అన్నారు, ఇక రోజంతా మాట్లాడదు. బాగున్న రోజున మాత్రం ఆవిడంత మంచి మనిషి లేదు. ఆ రోజు ఎప్పుడొస్తుందో పంచాంగం రాసేవాడికి కూడా తెలీదు." ఆస్ట్రేలియాలో ఎండలు కాసే బరోసా అత్తయ్య బావగారు. "వాకిట్లో చెప్పులు విప్పకముందే వాటేసుకుంటాడు. ఊపిరాడదు." జర్మనీ మోసెల్ అంటే ఏటవాలు కొండ మీద తోటలు, అది అత్తయ్య చిన్నాన్న. "ఇల్లు కొండ అంచున, మనిషి పుల్ల, మాట నిమ్మకాయ. వెళ్లేటప్పుడు మాత్రం ఒక తియ్యటి ముక్క అని పోతాడు." ఇక షాంపేన్ ఆవిడ మేనత్త. నాలుగైదేళ్ల వైన్లు కలిపేసి సీసా మీద ఏడాది వెయ్యకుండా అమ్మడం అక్కడ మామూలే. "మీ మేనత్త ఇంతే. వయసు అడిగితే నవ్వేస్తుంది."

నాకు అర్థం కానిదల్లా అత్తయ్యే. పుట్టింటివాళ్లని పట్టుకుని అన్నేసి మాటలంటుంటే ఏ ఆడదైనా ఊరుకుంటుందా? ఈవిడ ఊరుకోవడమే కాదు, చెవి ఒగ్గి వింటుంది. ఎప్పుడైనా మావయ్య ఆగితే, "ఊఁ, ఇంకా?" అంటుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అత్తయ్యా, మీ అన్నయ్యని అలా ఆడిపోసుకుంటుంటే నీకు కోపం రాదా?"

"అన్నయ్య ఉన్నదే అలాగమ్మా" అని గ్లాసు తుడుచుకుంది.

మావయ్య ప్రసారాలు వైనుతో ఆగేవి కావు. షాపూ ఇల్లూ ఒకటే కదా, ముందు గదిలో కూర్చుని ఇల్లంతటికీ వార్తలు చదివేవాడు. "పాలు అడుగంటుతున్నాయి." "ఎవరో గోడకి కొత్త రంగు వేయిస్తున్నారు." "దర్జీ ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మర్చిపోయాడు, ఇవాళ ఎవరిదో లాగు అయిపోయింది." పైనుంచి కత్తెర టకటక. నేను రోజూ బతిమాలేదాన్ని. "మావయ్యా, కొంచెం గొంతు తగ్గించవూ?" ఆయన సరేననేవాడు, అరగంటకి మళ్లీ మామూలే.

ఇలా ఉండగా పెద్ద హోటల్ యజమాని పని మానేసి కొడుక్కి అప్పగించాడు. మా షాపు సరుకులో సగం వెళ్లేది ఆ హోటల్‌కే. ఆ ఆర్డరు పోతే మేము తలుపులు మూసుకోవాల్సిందే. కొడుకు కోటు వేసుకుని స్వయంగా వచ్చాడు. షాపంతా కలియజూసి, "మీ ముక్కు గురించి మా నాన్న గొప్పగా చెప్తారండీ. నేను విన్నవి నమ్మను, చూసినవే నమ్ముతాను. రేపు హోటల్‌కి రండి. మూడు సీసాలకి సంచులు తొడిగి పెడతాను. ఏ ఊరిదో, ఎలాంటి ఏడాదో మూడూ చెప్తే ఆర్డరు మీకే" అన్నాడు. గుమ్మం దాటబోతూ మావయ్య వైపు తిరిగి, "ఇంకోటండీ. అక్కడ వైను గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడకూడదు" అన్నాడు.

అత్తయ్య చేతిలో గ్లాసు జారి ముక్కలైంది. ఆవిడ చేతిలో గ్లాసు పగలడం నేను అదే మొదటిసారి చూడడం. భయం వేసిందనుకున్నాను. అంత ముక్కున్న మనిషికి భయమెందుకో తోచలేదు.

మర్నాడు హోటల్లో తెల్ల గుడ్డ పరిచిన బల్ల. మూడు సీసాలకీ కాగితం సంచులు. మావయ్య కుర్చీ లాక్కుని అత్తయ్య పక్కనే బైఠాయించాడు.

"బాబూ, నాకూ ఓ చుక్క పొయ్యండి. చూస్తూ కూర్చోలేను."

"పోస్తాను గానీ, వైను ఊసెత్తకూడదు."

"ఎత్తను. మా ఆవిడతో ఇంటి కబుర్లు చెప్పుకోవచ్చా?"

"అవి నాకెందుకండీ? మీ ఇష్టం."

మొదటి సీసా పోశారు. మావయ్య ఒక గుక్క పుచ్చుకుని అత్తయ్య వైపు తిరిగాడు. "చెప్పడం మర్చిపోయానే. పొద్దున మీ చిన్నాన్న ఫోన్ చేశాడు. అదే కొండ అంచున, అదే నిమ్మకాయ మొహంతో. కానీ ఈసారి ఎండలో బాగా కూర్చున్నట్టున్నాడు, మాటలో పులుపు తగ్గింది, కాస్త ఒళ్లు కూడా చేశాడు."

నేను బల్ల కింద ఆయన తొడ గిల్లాను. బతుకు బల్ల మీద ఉంటే ఈ చిన్నాన్న గొడవేమిటి? అత్తయ్య మాత్రం గుక్క మింగి, "మోసెల్. ఎండ బాగా కాసిన ఏడాది" అంది. కొత్త యజమాని సంచి తీశాడు. నిజమే.

రెండో సీసా. "మీ చెల్లెలు మళ్లీ అలిగిందిట. చలికి శాలువా కప్పుకుని మూల కూర్చుంది. పాపం, ఈ ఏడు వేసవి రానే లేదామెకి." అత్తయ్య క్షణం ఆలోచించి, "బర్గండీ. చల్లటి ఏడాది, పండు సరిగా ముదరలేదు" అంది. అదీ నిజమే. యజమాని కోటు గుండీ విప్పుకున్నాడు.

మూడోది పోశారు. మావయ్య వాసన చూశాడు. పుక్కిలించాడు. నోరు మూసుకున్నాడు. మళ్లీ వాసన చూశాడు. నేను ఆ షాపులో చేరాక ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం చూడలేదు. రోజూ ఏ నోరు మూతపడాలని మొక్కుకున్నానో ఆ నోరు ఇప్పుడు మూతపడింది. అత్తయ్య గ్లాసు ముట్టకుండా ఆయన మొహమే చూస్తోంది.

"ఊఁ" అంది మెల్లిగా. "ఎవరొచ్చారు?"

"మీవాళ్లెవరూ కాదే" అన్నాడు మావయ్య. గొంతు బాగా తగ్గిపోయింది. "ఇది నేనే. మన పెళ్లినాటి నేను. ఊరంతా కొత్తగా తారు రోడ్డు వేస్తుంటే, ఆ తారు కంపులో నీకోసం గులాబీ పట్టుకుని నిలబడ్డాను చూడు. పిడికిలి బిగించాను, పువ్వు ఇవ్వడానికి చెయ్యి రాలేదు, ఒక్క మాటా రాలేదు."

మావయ్యకి మాట రాకపోవడం ఏమిటని నాకు నవ్వొచ్చింది. అత్తయ్య నవ్వలేదు. ఒక గుక్క నోట్లో తిప్పింది, ఆ వగరుకి బుగ్గలు లోపలికి పోయాయి. ఆవిడ కళ్లు తడిగా మెరిశాయి.

"ఇటలీ. బరోలో. మంచి ఏడాదే, కాకపోతే మరీ లేతలో తీశారు బాబూ. ఇప్పుడు నోరు విప్పదు. ఓపిక పట్టి ఉంచండి, ఆ తర్వాత మీరు ఆపమన్నా ఆపదు."

యజమాని సంచి తీసి, చీటీ చదివి, లేచి నిలబడి దండం పెట్టాడు. "ఆర్డరు మీకేనండీ. ఇకనుంచి మా వైన్లన్నీ మీరే ఎంచిపెట్టాలి. ఒకటే షరతు. వచ్చేటప్పుడు మీవారిని తీసుకురాకండి."

"ఆయన రాకపోతే నేనూ రాను."

"ఈయనతో ఇక్కడ పనేముందండీ?"

"మావాళ్ల కబుర్లు నాకింకెవరు చెప్తారు?"

యజమాని మావయ్యని ఎగాదిగా చూసి, పిచ్చి ప్రేమ కాబోలు అనుకుని, సరేనన్నాడు.

షాపుకొచ్చాక అత్తయ్య పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి నేను మెట్ల దగ్గర ఊడుస్తుంటే గుప్పున మాడు వాసన కొట్టింది. వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి మీద పాలు నల్లగా పొగలు కక్కుతున్నాయి. దానికి జానెడు దూరంలో, వీపు అటు పెట్టి, అత్తయ్య తాపీగా గ్లాసు తుడుస్తూ కూనిరాగం తీస్తోంది. ముందు గదిలోంచి రేడియో మోగింది. "పాలు మాడుతున్నాయే!" అప్పుడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

నేను పొయ్యి కట్టేసి ఆవిడ మొహంలోకి చూశాను. "అత్తయ్యా, నీకు వాసన..."

"రాదమ్మా. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాకు పెద్ద జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ ముక్కుని కూడా తీసుకుపోయింది. పులుపూ, తీపీ, వగరూ నాలుకకి తెలుస్తాయి, అంతే. షాపు మూసేద్దామన్నాను."

"మరి మావయ్య?"

"ఆయన ముక్కు మంచిదే. కానీ ఏ ఊరో ఏ ఏడాదో ఒక్కటీ గుర్తుండదు. తారూ గులాబీ కలిసి కొడితే బరోలో అని నాకు తెలుసు, ఆయనకి తెలీదు. పైగా అప్పటిదాకా పొద్దుటినించి సాయంత్రం దాకా ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని మనిషి. మా అమ్మ మూగవాడికిచ్చి చేశామేమోనని బెంగపెట్టుకుంది." నవ్వింది. "నాకు చెప్పడం కోసం మాట్లాడ్డం మొదలుపెట్టారు. వైను మాటలు ఆయనకి రావు. బాగా తెలిసింది మావాళ్లొక్కళ్లే. పాపం, వాళ్లని పట్టుకున్నారు."

మావయ్య మీద ఒక్కసారిగా బోలెడు ప్రేమ ముంచుకొచ్చింది. మాడిన గిన్నె తీసుకుని తోమడం మొదలుపెట్టాను.

బయట వాన మొదలైంది. అత్తయ్య ఆరేసిన గుడ్డలు తియ్యడానికి పెరట్లోకి వెళ్లింది. మావయ్య గుమ్మంలో నిలబడి అందుకున్నాడు. "ఇదిగో, మొదటి చినుకులే. ముందు దుమ్ము లేచింది, ఇప్పుడు తడి మట్టి. మీ నాన్న పొలం నించి వచ్చి అరుగు మీద కూర్చున్నట్టుంది."

పైనుంచి కత్తెర టకటకా మోగింది. "ఆ రేడియో కట్టెయ్యండయ్యా!"

నేను మెట్ల దగ్గరికెళ్లి తల పైకెత్తాను. "కట్టెయ్యం. కావాలంటే కిటికీ మూసుకోండి."

తర్వాత గుమ్మం దగ్గరికొచ్చి, "మావయ్యా, ఇంకొంచెం గట్టిగా చెప్పు. అత్తయ్య పెరట్లో ఉంది" అన్నాను.